రెండో కాగితం

ఆగస్టు నెలంతా షాద్లియా డాబా మీద కూర్చుని ఏడాదికి సరిపడా కుస్‌కుస్ చేసింది. వెడల్పాటి చెక్క పళ్లెంలో రవ్వ పోసి, ఉప్పునీళ్లు చిలకరించి, అరచెయ్యి ఆనించి గుండ్రంగా తిప్పుతూ ఉంటే రవ్వ పూసల్లా కట్టేది. జల్లించి, ఆవిరి మీద ఉడికించి, తెల్ల దుప్పట్ల మీద ఎండబోసేది. ఆ వాడలో ఇంకా కొట్లో పొట్లం కొనని ఇళ్లు రెండో మూడో మిగిలాయి. అందులో ఆమెది ఒకటి.

చెల్లెలు దలెందా అదే డాబా మీద పిట్టగోడ నీడన స్టూలు వేసుకుని, చేతిగడియారం చూసుకుంటూ పదిహేను మాటలు పైకి చదివేది.

"తాళంచెవి. మేక. వంతెన. సబ్బు. మోకాలు. నిచ్చెన..."

క్షణానికో మాట. గొంతు పెంచకూడదు, తగ్గించకూడదు. ఏ మాట మీదా వత్తు పడకూడదు. వినేవాళ్ల మొహంలోకి చూసి తల ఊపకూడదు. మరిచిపోయిన మాట అందించడం అన్నిటికంటే పెద్ద తప్పు. దలెందా ట్యూనిస్‌లో ఒక ఆసుపత్రి నరాల విభాగంలో ఇరవై రెండేళ్లుగా జ్ఞాపకశక్తి పరీక్షలు చేస్తోంది. అయినా కొత్త కాగితం చేతికొచ్చినప్పుడల్లా గొంతును దానికి అలవాటు చేసుకోవాల్సిందే.

"ఏమే, ఆ మేకను ఇంకా ఎన్నాళ్లు వంతెన దాటిస్తావు?" అనేది షాద్లియా, పళ్లెం మీంచి తలెత్తకుండా.

"నీ రవ్వ అయ్యేదాకా."

"అయితే బక్రీదుకు కోసుకు తినడమే."

ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. ట్యూనిస్ పక్కన సముద్రం ఒడ్డునున్న హమ్మామ్‌లిఫ్‌లో, ఆ పాత ఇంట్లో వాళ్లిద్దరే ఉంటారు. తల్లి పోయేనాటికి దలెందాకు నాలుగేళ్లు, షాద్లియాకు పన్నెండు. షాద్లియా ఆరో తరగతితో బడి మానేసి చెల్లెల్ని పెంచింది. చెల్లెలు చదువుకుంది, పెళ్లి చేసుకుంది, విడాకులు తీసుకుని అక్క దగ్గరికే తిరిగొచ్చింది. అక్క పెళ్లి మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తాల్సినవాళ్లు లేకపోయారు.

ఆ ఏడాది ఆసుపత్రిలో పెట్టుకున్న పని ఇది. మతిమరుపుతో వచ్చే రోగుల్ని ఆరు నెలలకోసారి పరీక్షిస్తారు. ప్రతిసారీ అవే మాటలు చదివితే వాటిల్లో కొన్ని నోటికొచ్చేస్తాయి. రోగం ముదిరినా బాగుపడినట్టు కనబడుతుంది. అందుకని ఆ ఏడాది కొత్తగా రాసుకున్న మొదటి కాగితానికి తోడు రెండో కాగితం కావాలి. వేరే పదిహేను మాటలు, కానీ మొదటిదానికంటే కష్టమూ కాదు, తేలికా కాదు. రెండూ సమానమని తేల్చడానికి ఏ జబ్బూ లేని ఎనభై మందిని తెచ్చి, మూడు నెలల ఎడంతో రెండు కాగితాలూ వాళ్ల మీద నడపాలి. పదిహేను మాటలు ఐదుసార్లు చదువుతారు. చదివిన ప్రతిసారీ గుర్తున్నవి ఏ వరసలోనైనా చెప్పాలి. తర్వాత అరగంట వేరే కబుర్లలో పెట్టి, ఈసారి చదవకుండానే మళ్లీ అడుగుతారు. ఆ ఆఖరి లెక్కే అసలు లెక్క.

ఎనభై మందిని ఎక్కణ్ణుంచి తేవాలి? రోగుల్ని వెంటబెట్టుకొచ్చినవాళ్లలోంచే. వరండాలో బెంచీల మీద గంటల తరబడి కూర్చునే భార్యలు, కొడుకులు, తోటికోడళ్లు. "మీకేం జబ్బు లేదు కదా, ఒక గంట ఇటు రండి" అని దలెందా పిలిచేది. జబ్బు లేనివాళ్లంటే ఆ ఆసుపత్రిలో అర్థం అదే. తోడొచ్చినవాళ్లు.

రైల్వేలో టికెట్లు చూసి రిటైరైన ఖమైస్ భార్యను తీసుకొచ్చి దొరికిపోయాడు. రెండోసారి చదవడం అవగానే చెవులు మూసుకున్నాడు. "అమ్మాయ్, మా ఆవిడ చెప్పిన సరుకుల్లో మూడు దాటితే నాకు గుర్తుండవు. నువ్వు కిరాణా కొట్టు మొత్తం చదువుతున్నావు."

"గుర్తున్నవే చెప్పండి బాబాయ్."

"బూడిద. అద్దం. తర్వాత... మేక ఉంది. మేకను ఎలా మర్చిపోతాను, మా బావమరిది అలాగే ఉంటాడు."

అందరూ అంతే. చివర విన్నది చెవిలో ఇంకా ఆరకముందే దాన్ని ముందు చెప్పేస్తారు. తర్వాత మొదట్లోవి ఒకటి రెండు, ఆ తర్వాత మధ్యలోంచి ఎక్కడెక్కడివో. దలెందా ప్రతి మాట పక్కనా అది ఎన్నోదిగా వచ్చిందో అంకె వేసేది. ఏ కాగితం చూసినా అంకెలు చెల్లాచెదురుగా, గింజలు చల్లినట్టుండేవి.

అక్టోబరుకల్లా వయసును, చదువును బట్టి విడదీసిన గుంపుల్లో మిగతావన్నీ నిండాయి. యాభై అయిదు దాటి, బడిలో ఏడేళ్లకు మించి చదవని ఆడవాళ్లలో ఒక్కరు తక్కువపడ్డారు. విభాగం చూసే డాక్టర్ రియాద్ రోజూ అడిగేవాడు. చివరికి దలెందా అక్కను తీసుకొచ్చింది. సొంతవాళ్లను పరీక్షించకూడదన్న నియమం ఆమెకు తెలుసు. కొత్తగా చేరిన అమ్మాయిలకు అది చెప్పేదే ఆమె. ఒక్కరే కదా అనుకుంది. కాగితం మీద పేరు ఉండదు, నంబరే. గుంపుల వరసలో షాద్లియాది యాభై ఎనిమిదో నంబరు.

మొదటి కాగితం. మొదటిసారి చదివి ఆపగానే షాద్లియా పదకొండు మాటలు చెప్పేసింది. యూనివర్సిటీ పిల్లలే ఎనిమిది దాటరు. అరగంట తర్వాత పదమూడు.

దలెందా తల ఊపకూడదు. ఊపలేదు కూడా. కానీ కాగితాలు సర్దేశాక ఆగలేకపోయింది. "అక్కా, నువ్వు బడి మానకపోయుంటే ఇక్కడ డాక్టర్ కుర్చీలో కూర్చునేదానివే."

షాద్లియా ఏదో చెప్పబోయింది. చెల్లెలి మొహం చూసి ఆగి, తలమీది గుడ్డ సర్దుకుంది. "ఇంటికి పోదామా? శనగలు నానబెట్టొచ్చాను."

ఆ పదమూడును దలెందా మనసులో దాచుకుంది. తర్వాత వచ్చిన నెలల్లో అది చాలాసార్లు బయటికి తీయాల్సి వచ్చింది.

నవంబరులో కూరలో రెండుసార్లు ఉప్పు పడింది. "పదమూడు మాటలు గడగడా చెప్పినదానివి, ఉప్పు వేశావో లేదో గుర్తుండదా? నీ ధ్యాస ఎక్కడుంటోంది?" అంది దలెందా. షాద్లియా ఆ కూరంతా పారబోసి మళ్లీ వండింది.

డిసెంబరులో పొయ్యి మీద నీళ్లు పెట్టి సముద్రం ఒడ్డుకు వెళ్లింది. వచ్చేసరికి గిన్నె మాడి, వంటిల్లంతా పొగ. గోడ మీద నల్లటి మరక పడింది. "ఇల్లు తగలబెడతావా అక్కా? నీకు మతిమరుపేం లేదు, నిర్లక్ష్యం. నేను కొలిచి చూశాను కాబట్టి చెబుతున్నాను." షాద్లియా ఆ మరకను సబ్బు పెట్టి రెండు రోజులు రుద్దింది. పోలేదు.

ఆ వారంలోనే పక్కింటి జలీలా దారిలో ఆపింది. "మీ అక్క పొద్దున పదింటికి స్టేషన్లో నిలబడి ఉంది. ఎవరికోసం అంటే, చెల్లెలు ఐదింటి బండికి వస్తుంది అంది. ఎండ చూపించి ఇంకా పదే అయింది వదినా అన్నాను. నవ్వేసింది. ఊరికే తిరగడానికి వచ్చానంది."

"తిరగడానికే వెళ్లుంటుంది" అంది దలెందా. "అక్కకు నాకంటే జ్ఞాపకం ఎక్కువ. ఆసుపత్రిలో పరీక్ష చేశాం."

జలీలా తన దారిన పోయింది. ఆసుపత్రి మాట తర్వాత ఎవరు మాత్రం ఏమంటారు?

జనవరిలో రెండో కాగితం. సూది, ఒంటె, కిటికీ, తేనె, భుజం, ఇంకో పది. మొదటిసారి చదివాక షాద్లియా మూడు చెప్పింది. ఐదోసారి చదివాక ఏడు. అరగంట కబుర్ల తర్వాత అడిగితే ఐదు. ఆ ఐదింట్లో ఒకటి అసలు కాగితంలోనే లేదు. మొదటి కాగితంలోని వంతెన. అది తీసేస్తే నాలుగు. దలెందా ఐదు వేసింది. ఎందుకు వేసిందో తనకే తెలియదు. చెయ్యి అలా వేసింది.

రైల్లో షాద్లియా కిటికీ పక్కన కూర్చుంది. ఉప్పునేలలు దాటాక అడిగింది. "ఈ కాగితం కష్టం కదూ?"

"కష్టమే. దీని మాటలు బాగాలేవు. నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను" అంది దలెందా.

మొదట్నుంచీ ఏమీ చెప్పలేదు. ఆ మర్నాటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది. డాక్టర్ రియాద్ గదికి వెళ్లి, రెండో కాగితంలో భుజం, తేనె లాంటి మాటలు జనం నోట రావడం లేదనీ, మార్చాలనీ వాదించింది. మిగిలినవాళ్లను పరీక్షిస్తున్నప్పుడు వాళ్లు మాటలు మరిచిపోవాలని లోపల్లోపల కోరుకునేది. ఖమైస్ రెండోసారి వచ్చి, అరగంట తర్వాత ఎనిమిది చెప్పాడు. మొదటి కాగితంలోనూ అతనివి ఎనిమిదే.

"ఏంటమ్మాయ్, బాగానే చెప్పానుగా? నీ మొహం చూస్తే గాజులు తాకట్టు పెట్టినట్టుంది."

"బాగా చెప్పారు బాబాయ్."

"మా ఆవిడకి చెప్పకు. సరుకుల చీటీ పెంచేస్తుంది."

అతను వెళ్లాక దలెందా ఆ ఎనిమిదిని చాలాసేపు చూస్తూ కూర్చుంది. ఇంతకుముందు ఆ పనిలో ఆమెకు ఒకటే ఆశ ఉండేది, రెండు కాగితాలూ సమానంగా రావాలని. ఇప్పుడు రాకూడదని మొక్కుకుంటోంది. రెండోది కష్టమని తేలితే అక్కకు ఏమీ లేనట్టు. సమానమని తేలితే ఆ నాలుగు మాటలూ అక్కవే. కాగితానివి కావు.

మార్చి రెండో వారంలో డాక్టర్ రియాద్ పిలిచాడు. నలభై ఏళ్లు దాటని మనిషి, దలెందా కంటే పదిహేనేళ్లు చిన్న. పుదీనా టీ తెప్పించి, ఆమె కుర్చీని కంప్యూటర్ వైపు తిప్పాడు.

"దలెందా గారూ, మనం గెలిచాం. మొదటి కాగితం సగటు తొమ్మిదీ పాయింట్ ఒకటి. రెండోది తొమ్మిది. కవలపిల్లలు."

"భుజం, తేనె..."

"వాటితో సహా. మాటమాటకీ చూశాను. మీ భయం ఉత్తదే." అతను నవ్వి, తెర మీద ఒక చుక్కను చూపించాడు. మిగతా చుక్కలన్నీ ఒక గీత వెంట గుంపుగా ఉన్నాయి. ఇది దూరంగా కింద పడి ఉంది. "ఈవిడ ఒక్కరే తేడా. యాభై ఎనిమిది. మొదట పదమూడు, తర్వాత ఐదు. రెంటిలో ఏదో ఒకటి తప్పు. చేసింది మీరేగా, ఏమైనా గుర్తుందా?"

దలెందా టీ గ్లాసు పట్టుకునే ఉంది. వేళ్లు కాలుతున్నాయి.

"రెండోసారి వచ్చినప్పుడు ఆవిడకు జ్వరం" అంది.

"అంతేనా? అయితే పక్కన జ్వరమని రాసి సంతకం పెట్టండి. తీసేద్దాం. ఒక్కరు పోతే లెక్క మారదు." అతను బొత్తిలోంచి రెండు కాగితాలూ తీసి ఆమె ముందు పెట్టాడు. పెన్ను ఇచ్చాడు.

జ్వరం అని రెండక్షరాలు. రాస్తే ఆ చుక్క మాయమవుతుంది. ఎవరూ ఎవర్నీ పిలవరు. సాయంత్రం ఐదింటి బండికి ఇంటికెళ్తే షాద్లియా తలుపు తీస్తుంది.

ఎక్కడ రాయాలా అని చూస్తూ దలెందా మొదటి కాగితం మీద చెయ్యి పెట్టింది. అక్టోబరు నాటి తన అంకెలే. తాళంచెవి పక్కన ఒకటి. మేక పక్కన రెండు. వంతెన మూడు. సబ్బు నాలుగు. పైనుంచి కిందికి మెట్లు దిగినట్టు పదమూడు దాకా. ఒక్క అంకె కూడా పక్కకు జరగలేదు.

ఎనభై మందిలో ఎవరూ అలా చెప్పలేదు. ఇరవై రెండేళ్లలో ఎవరూ చెప్పలేదు. అప్పుడే విన్నవాళ్లు అలా చెప్పలేరు. అలా చెప్పగలిగేది ముందే కంఠతా వచ్చినవాళ్లు.

డాబా గుర్తొచ్చింది. తెల్ల దుప్పట్లు, అరచేతి కింద తిరిగే రవ్వ, తన గొంతు. ఆగస్టులో ముప్ఫై రోజులు, రోజుకు పది పన్నెండుసార్లు. రెండో కాగితం చేతికొచ్చాక మాత్రం ఆసుపత్రి గదిలోనే చదువుకుంది. ఆ పదమూడు మాటలూ షాద్లియా ఆసుపత్రిలో గుర్తుపెట్టుకున్నవి కావు. తనే ఆమె చెవిలో పోసి, తనే వెళ్లి కొలిచి, ఎంత ఉన్నాయో చూడమని ఊరంతా చాటింది. ఆ లెక్క చేత్తో పట్టుకుని ఐదు నెలలు అక్కను తిట్టింది.

"దలెందా గారూ?"

ఆమె పెన్ను మూత పెట్టింది. "జ్వరం లేదు డాక్టర్ గారూ. తప్పు మొదటి కాగితంలో ఉంది. ఆ మాటలు ఆవిడకు ముందే వచ్చు. నేను ఇంట్లో సాధన చేస్తుంటే విన్నది. రెండోదే నిజం. అదీ ఐదు కాదు, నాలుగు."

"ఇంట్లోనా? ఎవరావిడ?"

"మా అక్క."

అతను కంప్యూటర్లో ఆ చుక్కను చెరిపేశాడు. పైన ఎనభై అని ఉన్నచోట డెబ్భై తొమ్మిది అయింది. "మనం రాస్తున్నది ఆరోగ్యవంతుల గురించి. ఈవిడ ఇందులో ఉండకూడదు" అన్నాడు, మెల్లగానే. "మంగళవారం రోగుల వైపు తీసుకురండి. మీరు పరీక్ష చేయకండి."

"అక్టోబరులోనే తెలిసుంటే?"

"మందులు కొంచెం ముందు మొదలయ్యేవి." ఈ జబ్బు సంగతి తెలిసిన మనిషికి అబద్ధం చెప్పి ఓదార్చడం అతనికి చేతకాలేదు.

ఇంటికి వచ్చేసరికి షాద్లియా మ్లూఖియా కూర కలుపుతోంది. ఎండాకు పొడిని నూనెలో వేసి పొద్దుటి నుంచి సన్నని సెగ మీద పెడితే, సాయంత్రానికి నల్లగా, చిక్కగా అవుతుంది. మధ్యమధ్య కలుపుతూ ఉండాలి. పొయ్యి పక్కన గోడకు ఒక కాగితం అంటించి ఉంది. షాద్లియా చేతిరాత, ఆరో తరగతి పిల్ల రాసినట్టు గుండ్రంగా. 'నూనె వేశాను. మాంసం వేశాను. ఉప్పు వేశాను.' ఒక్కోదాని పక్కనా ఒక టిక్కు. ఉప్పు పక్కన రెండు.

దలెందా రుచి చూసి, గ్లాసు నీళ్లు తాగింది.

"అక్కా, మంగళవారం నాతో ఆసుపత్రికి రావాలి."

"మళ్లీ నీ మాటలు అప్పజెప్పడానికా? నా పని అయిపోయిందన్నావుగా."

"ఈసారి నేను చెయ్యను. వేరేవాళ్లు చేస్తారు."

గరిటె ఆగింది. "ఏ కాగితం?"

"వేరేది. నువ్వు ఎప్పుడూ విననిది."

షాద్లియా సెగ తగ్గించింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. "అయితే ఆ రెండో కాగితం తప్పేం లేదన్నమాట."

"లేదు."

"నాకు తెలుసు." కొంగుతో చేతులు తుడుచుకుంటూనే ఉంది. చేతులకు ఏమీ అంటలేదు. "ఆ మొదటి రోజు నువ్వు తాళంచెవి, మేక అనగానే నాకు ఎంత సంతోషం వేసిందనుకున్నావు. ఇవి నాకు వచ్చునే అనుకున్నాను. అయ్యాక చెబుదామనే అనుకున్నానే. నీ మొహం చూశాక నోరు రాలేదు. నీ బడి పరీక్షల ఫలితాలు వచ్చినప్పుడు కూడా అలా వెలగలేదు నీ మొహం."

"అప్పుడే చెప్పుంటే..."

"చెప్పుంటే ఏం చేసేదానివి?"

దలెందా దగ్గర జవాబు ఉంది. డాక్టర్ రియాద్ చెప్పిందే. అది నోటిదాకా వచ్చింది. "నేను నిన్ను తిట్టాను. గిన్నె మాడిన రోజు" అంది దానికి బదులు.

"తిట్టావా? ఎప్పుడు?" షాద్లియా నిజంగానే అడిగింది. గోడ మీది నల్లమరక వైపు చూసింది, అక్కడ ఏదో రాసి ఉన్నట్టు. తర్వాత తేలిగ్గా అంది. "అవి మాత్రం ఇప్పటికీ వచ్చు. రోజూ అనుకుంటూనే ఉంటాను. పనిచేస్తూ ఉంటే అవే వస్తాయి. విను."

"వద్దక్కా."

"విను. నువ్వు గడియారం చూడు."

ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని, వీపు నిటారుగా పెట్టి మొదలుపెట్టింది. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. క్షణానికో మాట. అది షాద్లియా మాట్లాడే తీరు కాదు, దలెందాదే.

"తాళంచెవి. మేక. వంతెన. సబ్బు. మోకాలు. నిచ్చెన. ద్రాక్ష. బడి. పిడుగు."

ఆగింది.

పొయ్యి మీద మ్లూఖియా అంచుల్లో బుడగలు కడుతోంది. షాద్లియా చెల్లెలి మొహంలోకి చూసింది. పెదాలు కదిపింది. కుడిచెయ్యి ఒళ్లోనే, లేని పళ్లెం మీద గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది.

"బడి. పిడుగు..." అంది మళ్లీ. "పిడుగు తర్వాత..."

దలెందా గడియారం మీంచి చూపు తిప్పుకుంది.

"దుప్పటి" అంది.

"దుప్పటి" అంది షాద్లియా. "ఆఁ, దుప్పటి." తర్వాతి మాట కోసం చెల్లెలి వైపే చూస్తూ ఉండిపోయింది.